బండ వెనక వెబ్‌సైటు

“జీవితా! బట్టలు మూట కట్టుకో! సాయంత్రం బండికి పోతాండాం!”

అరుపు చర్చి మలుపు కాడ పుట్టింది. మనిషి ఇంకా కనపడలేదు గానీ మాట మాత్రం వీధంతా దాటుకుని వచ్చి గాబ్రియేలు సారు ఇంటి అరుగు మీద పడింది. అరుగు మీద నేను, నా పక్కన కంబన్న. లోపల ప్రేమమ్మ జొన్నరొట్టెలు తడతాంటే వినపడే చప్పుడు టక్కున ఆగిపోయింది.

“మా తమ్ముడే అన్నా,” అంటా పిండి చేతుల్తోనే గడపలోకి వచ్చింది ప్రేమమ్మ. “మొన్న మేస్త్రి ఫోను నుంచి చేసి, వచ్చి బిడ్డను తీసకపోతా అన్నాడు. ఎందుకురా అంటే చెప్పలేదు, పెట్టేసినాడు. ఊరికే కోపంలో అన్నాడనుకున్నా. నిజంగానే వచ్చినాడు చూడు.”

ప్రేమమ్మ తమ్ముడు యేసుప్రసాదు. వాడూ, వాడి పెండ్లామూ బెంగుళూర్లో ఇండ్లకు బండలు పరిచే పనిలో ఉండారు. బిడ్డ జీవితను మాత్రం ఈడ బేతంచెర్లలో అత్త ఇంట్లో పెట్టినారు, చదువుకు. మామ గాబ్రియేలు సారేమో పాప చదివే బడిలోనే ఇంగ్లీషు చెప్తాడు. పాప పదో తరగతి. పరీక్షలు ఇంక దగ్గరకు వచ్చేసినాయి. ఇప్పుడు మూట కట్టుకుని పోతే చదువు ఆడికి సరి. ఆడ సిమెంటు కలిపే తట్టో, బట్టలు కుట్టే కంపెనీయో కాసుకుని ఉంటాది.

“అన్నా,” అనింది ప్రేమమ్మ గొంతు తగ్గించి, “సారు చర్చిలో మీటింగు ముగించుకుని వచ్చేదాకా వాణ్ణి మాటల్లో పెట్టు. సారు మాటయితే వింటాడు. నీకు మాటలంటే కొదవా?”

ఇట్లా అడిగితే నేను కాదంటానా? నా పేరు రామకోటయ్య. వీధి చివర బండల పాలిష్ మిషను నాదే. ఊరంతా శెట్టన్నా అంటారు. తొమ్మిదో తరగతి దాకా చదివినోణ్ణి. ఏడు దాకానే అని కంబన్న అంటాడు. ఆయప్ప మా నాయన కాలం నుంచి మా మిషను మీద పని చేస్తాండాడు కాబట్టి, నా గురించి అప్పుడప్పుడు నిజం మాట్లాడే అలవాటు పడింది.

ఆ ఆదివారం మమ్మల్నిద్దర్నీ సారు బోజనానికి పిల్చిండె. క్లాసు వెబ్‌సైటు పెట్టి ఏడాదయిందని. నా కోసమని ఆ ఇంట్లో ఆ పొద్దు కోడి కూడా కొయ్యలేదు. గుత్తొంకాయ, గోంగూర పప్పు, చెనిక్కాయల పొడి, జొన్నరొట్టె. వాసనకే నాకు సగం కడుపు నిండింది, మిగతా సగం కాలతాండాది.

యేసుప్రసాదు వచ్చినాడు. భుజాన సంచి దించలేదు. ప్రేమమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

“కాళ్ళు, చేతులు కడుక్కోరా, వేడి వేడి రొట్టె తిందువు.”

“మాట తేలందే చెయ్యి కడగనక్కా.”

మా పక్క ఇదొక పద్ధతి. తెగని మాట ఉండే ఇంట్లో చెయ్యి కడగరు. చెయ్యి కడిగి కూర్చున్నారంటే ఆ ఇంటోళ్ళ మాట ఒప్పుకున్నట్టే. అట్లని వచ్చిన మనిషి తినకుండా మేం తినేదీ లేదు. అంటే ఆ సంచి దిగేదాకా నా రొట్టె కూడా దిగదు. చూసుకోండి, ఆ బిడ్డ చదువూ నా ఆకలీ ఒకే తాడుకు కట్టేసినట్టయింది.

“కూర్చోప్పా యేసూ,” అన్నా.

“కూర్చోనీకి రాలేదు శెట్టన్నా.”

“నిలబడే విను అయితే. నీ బిడ్డ చదువుతాండే క్లాసు అట్లాంటిట్లాంటి క్లాసు కాదు. దాని వెబ్‌సైటు కథ నీకెవురన్నా చెప్పినారా? నేనుండంగా ఇంకొకరు చెప్తే అది కథ కాదులే.”

వాడు స్తంభానికి ఆనుకున్నాడు. కాళ్ళకు చెప్పులు అట్లనే ఉండాయి. నేను గొంతు సవరించుకున్నా.

“నిరుడు మీ బావ నా కాడికి వచ్చినాడు. ‘శెట్టన్నా, నా క్లాసులో సగం మంది పిల్లోళ్ళు అవ్వల కాడ, అత్తల కాడ ఉండారు. అమ్మానాయనలు బెంగుళూర్లో, హుబ్లీలో బండలు పరస్తాండారు. బిడ్డ ఏం చదువుతాండాదో వాళ్ళకు తెలీదు, వాళ్ళ మొగాలు నాకు తెలీవు. క్లాసుకు ఒక వెబ్‌సైటు పెడితే దాంట్లో పాఠం రాయచ్చు, పిల్లోళ్ళు ఇంగ్లీషు చదివేది గొంతుతో సహా పెట్టచ్చు. అమ్మానాయనలు ఉన్న ఊర్లో నెట్ సెంటరుకు పోయి వింటారు, నాకు రెండు ముక్కలు తెలుగులో రాపిస్తారు. చేసే దారి నాకు తెలుసు, కంప్యూటరే లేదు’ అన్నాడు. నా కాడ బిల్లులు కొట్టేది ఒకటుండె కదా. ‘తీస్కో సారూ, దాంతోపాటు గది కూడా తీస్కో’ అన్నా. అంతే. ఇంకొకడయితే ఆడికి వాడి పని అయిపోయేది. ఆడికే అయిపోతే నేను రామకోటయ్యనెట్లయితా?”

“ఆ గది యాడుండాది?” అన్నాడు యేసుప్రసాదు.

చూసినారా! కూర్చోనన్నోడు ప్రశ్న వేసినాడు. చేప గాలం కాడికి వచ్చిందనుకున్నా.

“గదా? నా మేడ మీద. తూర్పు కిటికీ, పడమటి కిటికీ. కింద నీ బేతంచెర్ల బండే గానీ అద్దం మాదిరి. పిల్లోళ్ళు దాంట్లో మొగం చూసుకుని తల దువ్వుకుంటారు.”

కంబన్న దగ్గినాడు. ఆయప్పకు రాతి దుమ్ము దగ్గు ఉండాది గానీ ఇది ఆ దగ్గు కాదు.

“సరే, వెబ్‌సైటు తయారయింది. ఇప్పుడు దాని పేరు అమ్మానాయనలకు చేరేదెట్లా? ఒకరికి ఫోను లేదు, ఒకరికి ఇల్లే లేదు, కట్టే ఇంట్లోనే పండుకుంటారు. సారు తల పట్టుకున్నాడు. అప్పుడు ఈ తల పని చేసింది.” నా తల నేనే తట్టుకున్నా. “సారూ, బండకు రెండు మొగాలుంటాయి. నునుపు మొగం ఇంటోళ్ళది. వెనక గరుకు మొగం మనది. బండలు కొన్న పార్టీ పేరు, సైజు మనం సుద్దతో ఆ పక్కనే కదా రాసేది. బండ పరిచేవాడు బండను తిప్పకుండా పరచడు కదా. నా లారీ ఎక్కే ప్రతి బండ వెనకా వెబ్‌సైటు పేరు రాసేస్తా, చదువుకోనీ!”

“రాసింది నేను,” అన్నాడు కంబన్న. “ఒక్క బండకు కూడా సుద్ద నువ్వు పట్టుకోలేదు శెట్టీ.”

“రాపిచ్చింది నేను. కోట కట్టిన రాజు తట్ట మోసినాడా?” అని, యేసుప్రసాదు పక్కకు తిరిగినా. “ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“నాకు తెలుసు,” అన్నాడు వాడు మెల్లగా.

నాకు ఆ మాట చెవిన పడింది గానీ లోపలికి పోలేదు. అప్పటికి కథ బ్రేకులు తెంచుకున్నాది.

“లోడు బెంగుళూరు చేరింది. ఒక మేస్త్రి బండ తిప్పినాడు, చదివినాడు, ఓరినీ అని తాపీ ఆడనే పడేసి నెట్ సెంటరుకు పరుగు. వాణ్ణి చూసి ఇంకొకడు. సాయంత్రానికి బెంగుళూర్లో బండలు పరిచేవాడు ఒక్కడు లేడు, అందరూ నెట్ సెంటర్ల ముందర లైన్లో ఉండారు. కొత్త సినిమా వచ్చిందేమో అని వేరేవాళ్ళు కూడా వెనక నిలబడినారు. బస్సులు ఆగిపోయినాయి. పోలీసోళ్ళు లాఠీలు తీసుకుని వచ్చి, విషయం తెలుసుకుని, లాఠీలు చంకన పెట్టుకుని వాళ్ళూ లైన్లో నిలబడినారు. ఇండ్లోళ్ళు ఊరకున్నారా? మా ఇంటి బండ వెనక ఏం రాసిండాదో అని పరిచిన బండలు కూడా పెకిలించి చూసుకున్నారు. ఆ నెలంతా బెంగుళూర్లో సగం ఇండ్లకు నేల లేదు.”

“పాపం, యాడ నిలబడినారో,” అన్నాడు కంబన్న.

“మంచాల మీద! మధ్యలో మాట్లాడకప్పా.”

గడప లోపల ప్రేమమ్మ నవ్వు ఆపుకుంటాండాది. ఆయమ్మ వెనక జీవిత కనపడింది. చంకలో చిన్న మూట. కండ్లు ఎర్రగా ఉండాయి. ఆ మూట చూసినాక నేను ఇంకో మెట్టు ఎక్కాల్సి వచ్చింది.

“ఆడితో ఆగిందా? రాయచోటిలో కృష్ణవేణమ్మ టీచరని ఉండాది. ఆయమ్మ కూడా ఇంగ్లీషు చెప్పేదే. వెబ్‌సైటు చూసి, మా పిల్లోళ్ళు కూడా మీ పాఠం వింటాండారు, మీవోళ్ళ గొంతుకు మావోళ్ళు గొంతుతో జవాబిస్తారు అని రాసింది.”

“ఇది నిజం,” అన్నాడు కంబన్న, మర్యాదగా. అంటే మిగతాది ఏమిటో అందరికీ తెలిసిపోయింది.

“రాయచోటి నుంచి కడప, కడప నుంచి హైదరాబాదు, ఆడినుంచి ఢిల్లీ, ఢిల్లీలో దాని కాలు నిలిస్తే కదా, నేరుగా లండన్. లండన్లో ఒక పెద్ద బడి హెడ్మాస్టరు విన్నాడు. వెంటనే నాకు ఫోను చేసినాడు, ఇంగ్లీషులో.”

“నువ్వేమన్నావు అన్నా?” అనింది ప్రేమమ్మ లోపల్నుంచి.

“యెస్ అన్నా. ఆయప్ప ఇంకేందో శానా పొడుగ్గా అడిగినాడు. మళ్ళా యెస్ అన్నా. మూడోసారి అడిగేటప్పటికి ఆయప్ప కాడ ఇంగ్లీషు అయిపోయింది, నా కాడ యెస్ ఇంకా ఉండాది. ‘మీ పిల్లోళ్ళు చదివేది విన్నాక మా పిల్లోళ్ళ ఇంగ్లీషు మాకే సప్పగా ఉండాది శెట్టిగారూ, మావోళ్ళను మీ కాడికి పంపిస్తాం, నాలుగు ముక్కలు నేర్పించండి’ అన్నాడు.”

“అంతా ఇంగ్లీషులో అంటే నీకెట్లా తెలిసింది?” అన్నాడు కంబన్న.

“గొంతులో బాధను బట్టి తెలీదా? సరే, విమానం యాడ దింపుతారు? క్వారీ ఒకటి చదును చేయించినా. దిగింది. తెల్ల పిల్లోళ్ళు, నీలం లాగులు, మన రోట్లో నూరిన కారం తిని మొగాలు దానిమ్మ పండ్లయి, అయినా నోరు మూయకుండా పాఠం చదివినారు.”

“మేం చూల్లేదే?”

“ఆ పొద్దు నీకు సెలవిచ్చినా.”

“ముప్పై ఏండ్లలో నువ్వు సెలవిచ్చిన పొద్దు నాకు గుర్తుండదా శెట్టీ?”

నేను నవ్వినా, ప్రేమమ్మ నవ్వింది, మూట పట్టుకున్న జీవిత కూడా తల వంచుకుని నవ్వింది. యేసుప్రసాదు నవ్వలేదు.

“నా బిడ్డ ఆ గదిలో ఎంతసేపు ఉంటాది?” అన్నాడు.

రెండో ప్రశ్న! బిడ్డ గొప్ప వినాలని ఉండాది పాపం అనుకున్నా. ఇంక నన్ను ఎవురు ఆపుతారు?

“ఎంతసేపంటావేంది యేసూ! బడి వదిలినారంటే ఆడనే. ఇంటికి పొమ్మన్నా పోదు. సెలవొస్తే పొద్దుగూకులూ ఆడనే. నీ బిడ్డ లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టే అనుకో. నా మనుషులు పది మంది చేసే పని ఒక్కతే చేస్తాది!”

లోపల గిన్నె మీద మూత గట్టిగా పడింది. ప్రేమమ్మ గడప కాడ నిలబడి కండ్లతో ఏందో చెప్తాండాది. ఇంకా చెప్పమంటాండాదేమో అనుకున్నా. ఆయమ్మ తిట్టాలన్నా, మెచ్చుకోవాలన్నా ఒకే మాదిరి చూస్తాది, నా తప్పేముండాది?

యేసుప్రసాదు సంచి పట్టీ బిగించినాడు. “ఆడ ఏం వినపడతాంటాది, ఆ గదిలో?”

“వినపడేదా? ఏమీ వినపడదు! అదే కదా దాని గొప్ప. నాలుగు గోడలకూ దూది కొట్టించినా. ఏసీ పెట్టించినా, అది కూడా నోరు లేని ఏసీ. గడియారం టిక్కు టిక్కుమంటాదని తీసి బయట వేలాడదీసినాం, టైము కావాల్సినోళ్ళు బయటికి పోయి చూసుకుంటారు. ఒకసారి పాప చదువుతాంటే ఏందో చప్పుడు. వెతికితే చీమ! దాన్ని కూడా మెల్లగా నడువమ్మా అని బతిమాలినాం. పాప మైకు ముందర కూర్చుందంటే ఊర్లో కోళ్ళు కూయవు. ఒక పొద్దు గూడ్సు బండి వచ్చింది స్టేషన్లోకి. డ్రైవరుకు తెలుసు ఇది జీవిత చదివే టైమని. హారన్ కొట్టలేదు. ఇంజను ఆపేసినాడు. గార్డు చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు. ఆ బండి మొత్తం, యాభై పెట్టెలు, ఊపిరి బిగబట్టుకుని మునివేళ్ళ మీద బేతంచెర్ల దాటిపోయింది. ఆ మౌనంలో, ఆ చల్లదనంలో, నీ బిడ్డ గొంతు ఒక్కటే...”

“శెట్టన్నా.”

“ఒక్కటే, పాలల్లో ముత్యం పడినట్టు...”

“శెట్టన్నా, మరి నా బిడ్డ గొంతు వెనక పాలిష్ మిషను ఎట్లా మోగుతాండాది?”

నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. రైలు కూడా ఆడనే ఉండిపోయింది, మునివేళ్ళ మీద.

ఆదివారం కదా, ఊర్లో మిషన్లన్నీ ఆపేసిండారు. వీధి చివర నా షెడ్డు కూడా మూగగా ఉండాది. నేను చెప్పిన మౌనం అప్పుడు నిజంగా వచ్చింది.

“ఈ నెల వచ్చిన లోడు దించింది నేనే,” అన్నాడు యేసుప్రసాదు. గొంతు పెంచలేదు. “బండ వెనక పొడుగ్గా ఇంగ్లీషులో ఏందో ఉండె. సుద్దతో ఉంటే పార్టీ పేరే కదా. ఇంత పొడుగు పేరు పార్టీ ఎవుడప్పా అని మేస్త్రీ నేనూ ఆ ఏరియా అంతా అడిగినాం. ఎవుడూ నాది అనలేదు. లోడు రోడ్డు పక్కన దిక్కు లేకుండా పడుండె. కడాకు, పని చేస్తాండే ఇంట్లో కాలేజీ పాప చదివి, ఇది మనిషి పేరు కాదన్నా, నెట్లో చూసేది అని చెప్పింది. పోయిన ఆదివారం నేనూ మా ఆడమనిషీ నెట్ సెంటరుకు పోయినాం. అది తెరుచుకునేలోపల ఒక సంచి సిమెంటు కలపచ్చు. తెరుచుకుంది. జీవిత పేరుండాది అని ఆడుండే సెంటరు పిల్లోడు నొక్కినాడు. ఇయర్‌ఫోన్లు మా చెవుల్లో పెట్టినాడు, చెరొక పక్క.”

ఎదురుగా బిడ్డ నిలబడి ఉన్నా బిడ్డను చూడలేదు, నేలను చూసినాడు.

“ఇంగ్లీషు నాకు తెలీదు. మిషను తెలుసు. పెండ్లికి ముందు నీ నాయన కాడ ఆ మిషను ముందర నిలబడినోణ్ణి కదా. బండ మీద నీళ్ళు పడే చప్పుడుతో సహా వినపడింది. మిషనుకు నూరే రాయి మార్చేటప్పుడు మోత దిగి మళ్ళా లేస్తాది చూడు, అది కూడా. అంత దగ్గరగా. బడి అని చెప్పి నా బిడ్డను మిషను కాడ పెట్టినారనుకున్నా. దాని గొంతు కూడా వణుకుతాండె. మా ఆడమనిషి ఆ రాత్రి అన్నం తినలేదు. ఇప్పుడు నీ నోటితోనే అంటివి. పొద్దుగూకులూ ఆడనే ఉంటాది, పది మంది పని చేస్తాది, లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టే అని.”

“ఓరి నీ! ఫోన్లో అడగచ్చు కదరా నన్ను,” అనింది ప్రేమమ్మ.

“అడిగితే ‘బిడ్డ బాగుండాది’ అంటావు. నువ్వెప్పుడూ అదే అంటావు కదక్కా. ఆడినుంచి మేం కూడా నీకు అదే చెప్తాం.”

ప్రేమమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆ బిడ్డ మూటకు ఇంకో ముడి నా నోటితో నేనే వేసినానని అప్పుడు తెలిసింది. లండన్ దాకా పోయొచ్చినోణ్ణి, ఇంటి ముందర జారి పడినా.

కంబన్నే అందుకున్నాడు.

“మేడ మీద గది లేదప్పా యేసూ. మేడే లేదు. నువ్వు పని చేసినప్పుడు ఖాళీ గోతాలు పెట్టే గది ఉండె చూడు, షెడ్డు పక్కన? అదే. ఏసీ అంటే గోడకు పగులుండాది, దాంట్లోంచి గాలి వస్తాది. పగలంతా కరెంటు ఉండదు. మిషను ఆడితేనే జనరేటరు పెడతాం. జనరేటరు పెడితేనే కంప్యూటరు వెలిగేది. అందుకని మిషను ఆడేటప్పుడే పిల్లోళ్ళు మైకు ముందర కూర్చుంటారు. నీ బిడ్డ గొంతు వణికింది భయంతో కాదు, నా మిషనుకు గోడ కూడా వణుకుతాది.”

“మాటలు శానా విన్నాలే ఈ పొద్దు,” అన్నాడు వాడు, నా పక్క చూడకుండానే. “జీవితా, ఇట్లా రా. చేతులు చూపీ.”

పాలిష్ మిషను మీద పని చేసే చేతులు చూసినారా మీరు? ఎప్పుడూ నీళ్ళలో, రాతి బురదలో నానుతాంటాయి. తెల్లగా పాలిపోయి, వేళ్ళ కొసలు తినేసినట్టుంటాయి. కడిగినా ఆ తెలుపు పోదు. మా కంబన్న పండగ పొద్దు కూడా ఆ చేతుల్తోనే వస్తాడు.

జీవిత మూట కింద పెట్టి రెండు చేతులూ చాపింది. తెల్లగా ఉండాయి.

వాడి మొగం చూడలేకపోయినా. వాడు బిడ్డ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో ఒకసారి గట్టిగా రుద్దినాడు. తెలుపు పోయింది. కింద మామూలు చెయ్యి, ఆడబిడ్డ చెయ్యి, చూపుడు వేలికి ఇంకు మరక. తన బొటనవేలు ముక్కు కాడ పెట్టుకుని వాసన చూసినాడు.

“జొన్నపిండి,” అన్నాడు.

“అత్తకు రొట్టెలు తట్టి ఇస్తాంటిని నాయనా,” అనింది జీవిత.

వాడు చెయ్యి వదల్లేదు. “ఏం చదివినావు దాంట్లో?” అన్నాడు.

“ఇంట్లోవాళ్ళ పని గురించి రాయమన్నాడు మామ. నీ గురించి రాసినా.”

“ఏమని?”

పాప మా అందరి పక్కా ఒకసారి చూసింది. తర్వాత ఇంగ్లీషు పాఠాన్ని మెల్లగా తెలుగులో చెప్పింది. “మా నాయన బండలు పరుస్తాడు. ఎదురు గోడ మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి వెనక్కి వస్తాడు. పరిచిన బండ మీద కాలు పెట్టడు. ఇల్లంతా పూర్తయ్యేటప్పటికి మా నాయన వాకిలి బయట ఉంటాడు. మళ్ళా ఆ ఇంట్లోకి పోడు.”

కంబన్న తువ్వాలతో మొగం తుడుచుకున్నాడు, చెమట లేకపోయినా.

యేసుప్రసాదు నొసలు ముడేసినాడు.

“దారమేదీ?” అన్నాడు.

“ఆఁ?”

“దారం కట్టకుండా మూల ఎట్లా పెడతారే? ముందు ఈ గోడ నుంచి ఆ గోడకు దారం లాగి కట్టాల. మట్టం చూడాల. అప్పుడు కదా మూల బండ. దారం చెప్పకుండా నేరుగా మూలకు పోతే ఇల్లంతా వంకర పోతాది. విన్నోళ్ళు నన్ను ఏమనుకుంటారు?”

సరిగ్గా అప్పుడే గాబ్రియేలు సారు బైబిలు చేత పట్టుకుని వాకిట్లోకి వచ్చినాడు. “ఏం యేసూ! ఎప్పుడు దిగినావు?”

“బావా, నువ్వు పాఠం తప్పు పెట్టినావు.”

సారు బైబిలు అరుగు మీద పెట్టి, చెప్పులు విప్పి, వాడి పక్కన నిలబడినాడు. ఏం తప్పని అడిగినాడు. దారం గురించి మళ్ళా మొదట్నుంచి విన్నాడు. దారానికి సుద్ద రాసి లాగి కొడితే నేల మీద గీత పడతాదని విన్నాడు. తల ఊపినాడు. “ఇది మాకెవురికీ తెలీదు. నువ్వు తెలుగులో చెప్పు, పాప ఇంగ్లీషులో పెడతాది. నీ గొంతు కూడా పెడదాం, పాప గొంతు పక్కన. అమ్మానాయనలు పలకాలనే కదా అది పెట్టింది. ఏడాదిలో మా తప్పు ఎత్తి చూపిన మొదటి నాయన నువ్వే.”

“నా గొంతా?” అన్నాడు వాడు. బిడ్డను చూసినాడు. బిడ్డ తల ఊపింది.

“రేపు పొద్దున్నే పెడదాం,” అన్నా నేను, నా నోరు నాకు తిరిగొచ్చింది కాబట్టి. “రేపు మిషను ఆపేస్తా! మీరు మాట్లాడినంతసేపూ నా షెడ్డులో చప్పుడనేది ఉంటే...”

“మిషను ఆపితే జనరేటరు ఆగుతాది,” అనింది ప్రేమమ్మ. “జనరేటరు ఆగితే కంప్యూటరు ఆగుతాది. ముందు నువ్వు ఆగు అన్నా, రొట్టెలు అప్పడాలయితాండాయి.”

“మోత ఉండనీ శెట్టన్నా,” అన్నాడు యేసుప్రసాదు. ఆ పొద్దు మొదటిసారి నా మొగం చూసి మాట్లాడినాడు. “ఉండనీ. ఇప్పుడు అది యాడిదో తెలిసింది కదా. మా ఆడమనిషికి కూడా చెప్తా. ఆడ నెట్ సెంటర్లో కూర్చుని ఆ మోత వింటే, బిడ్డ మన వీధిలోనే ఉండాదని తెలుస్తాది.”

సంచి దించినాడు. చెప్పులు విప్పినాడు. చెంబు తీసుకుని వాకిట్లో వంగి చేతులు కడిగినాడు, మోచేతుల దాకా, తాపీ పని ముగించినోడు కడిగినట్టు. జీవిత మూట విప్పి దాంట్లోంచి తువ్వాలు తీసి ఇచ్చింది. మూట మళ్ళా కట్టలేదు.

లోపల వరసగా కూర్చున్నాం. సారు, యేసుప్రసాదు, కంబన్న, నేను. మా ఎదురుగా ప్రేమమ్మ, జీవిత. అందరం ఒకేసారి తినాల, వడ్డించే పని ఎవురికీ లేదు అని గిన్నెలన్నీ మధ్యలో పెట్టేసింది ప్రేమమ్మ. యేసుప్రసాదు తన ముందర బండ మీద అరచేత్తో ఒకసారి తుడిచినాడు. రెండు బండల మధ్య సందును గోటితో తడిమినాడు.

“ఈ ఇంటికి పరిచింది నువ్వే కదరా,” అన్నాడు సారు.

“నేనే. నా పెండ్లయిన కొత్తలో.” మూల నుంచి వాకిలి దాకా ఒకసారి చూపు సాగదీసినాడు. “వంకర పోలేదు.”

“ఇది కూడా రాయాల్నా నాయనా?” అనింది జీవిత. “ఒక ఇంట్లోకి మాత్రం మళ్ళా పోతాడని?”

వాడు రొట్టె తుంచి, వంకాయ పెట్టి, బిడ్డ పళ్ళెంలో పెట్టినాడు.

“ప్రేమమ్మా,” అన్నాడు కంబన్న, “లండన్ హెడ్మాస్టరుకు కూడా ఒక పళ్ళెం పెట్టు. శెట్టి పిల్చిండే ఉంటాడు, ఆయప్ప చెప్పులు చేత పట్టుకుని వస్తాంటాడు.”

నేను ఏదో అనబోయినా. సారు కండ్లు మూసి ప్రార్థన మొదలుపెట్టినాడు. నేను కూడా కండ్లు మూసుకున్నా, ఒకటి. రెండోది వంకాయ మీద పెట్టుకున్నా. రొట్టెలు నిజంగానే అప్పడాలయినాయి. ఆమెన్ అనేసరికి ఆరు నోళ్ళు ఒకేసారి కరకరమన్నాయి చూడండి, ఆ మోతకు నా పాలిష్ మిషను సిగ్గుపడాల.